బూడిద పూసినట్టున్న ముఖం, గోడకు అతికిన జుట్టు: ఒక పోర్ట్రెయిట్ ఎక్కడ చెడింది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫొటోలు చూసి పెన్సిల్‌తో సినిమా తారల బొమ్మలు వేసేదాన్ని. పెళ్లయ్యాక అట్లాంటా శివారుకి వచ్చి ఆయిల్ కలర్స్ నేర్చుకున్నాను. మా పక్కింటావిడ నల్లజాతి మహిళ, నర్సుగా చేసి రిటైరయ్యారు. మీ బొమ్మ వేసుకుంటానంటే సంతోషంగా ఒప్పుకున్నారు. ఫోన్లో ఫొటో తీసుకుని రెండుసార్లు వేశాను. మొదటిదాంట్లో ముఖం బూడిద పూసినట్టు వచ్చింది. రెండోదాంట్లో అంతా మురికిగా మాడిపోయింది, కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా పొడుచుకొస్తున్నాయి. జుట్టేమో గోడకు అతికించినట్టుంది. మావారు "కాస్త తెల్లగా వెయ్యి, బాగుంటుంది" అంటున్నారు. ఆవిడకి చూపించే ధైర్యం లేక రెండూ దాచేశాను. ఇక్కడి నల్లజాతి ఆడవాళ్ల బొమ్మలతో ఒక సిరీస్ చెయ్యాలని నా కోరిక. ఇండియా నుంచి వచ్చినదాన్ని, నేను చెయ్యొచ్చా? ఫొటో చూసి దించడం దగ్గరే ఆగిపోయానేమో అని దిగులుగా కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీవారి సలహా సంగతి చూద్దాం. మొదటి బొమ్మ చెడింది సరిగ్గా అందుకే. గోధుమ రంగులో తెలుపు కలుపుతూ పోయి వెలుగు తేవాలని చూసి ఉంటారు. టైటానియం వైట్ ఏ రంగులో పడినా దాని వేడిని చంపేస్తుంది, చల్లగా పాలిపోయేలా చేస్తుంది. ముదురు గోధుమలో పడితే వచ్చేది వెలుగు కాదు, సుద్ద.

చర్మం మీద పడ్డ కాంతి రెండు దారుల్లో వెనక్కి వస్తుంది. కొంత పైపొర మీదే తగిలి నేరుగా తిరిగొస్తుంది. ఎదురుగా పడే కాంతిలో ఇది సుమారు 4–5 శాతం, ఎవరి చర్మమైనా దాదాపు ఇంతే. మిగతాది లోపలికి వెళ్లి, మెలనిన్, రక్తం కొంత మింగేసుకున్నాక రంగు పట్టుకుని బయటికొస్తుంది. లేత చర్మంలో ఈ రెండో వాటా ఎక్కువ కాబట్టి పైపై మెరుపు అందులో కలిసిపోతుంది. ముదురు చర్మంలో ఆ వాటా తక్కువ. అందుకే నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం, కింది పెదవి మీద మెరుపు విడిగా, పదునుగా నిలబడుతుంది. ఆ మెరుపుకి చర్మం రంగుండదు, దీపం రంగే ఉంటుంది. ఉత్తరపు కిటికీ పక్కన కూర్చుంటే అది లేత నీలం, పసుపు బల్బు కింద అయితే నారింజ. దాన్ని "చర్మం రంగు ప్లస్ తెలుపు" అనుకుని వేస్తే ఎంత నేర్పుగా వేసినా బూడిదే.

కాబట్టి వెలుగు వైపు చెంపని తెలుపుతో పైకి లేపకండి. ట్రాన్స్‌పరెంట్ రెడ్ ఆక్సైడ్ (దొరక్కపోతే బర్న్ట్ సియెన్నా) రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ బ్లూ ఒక పాలు కలపండి. ముదురు, వెచ్చటి గోధుమ వస్తుంది. సమపాళ్లలో కలిపితే దాదాపు నలుపు. కంపెనీని బట్టి రంగు బలం మారుతుంది కనుక ముందు పాలెట్ మీద పరీక్షించుకోండి. నీడలకి ఈ మిశ్రమమే చాలు. పల్చగా, పారదర్శకంగా ఉంచండి, తెలుపు చుక్క కూడా వద్దు. మధ్యస్థ టోన్‌కి ఇందులోనే ఎల్లో ఆకర్, కొంచెం కాడ్మియం రెడ్ లైట్. వెలుగు వైపుకి కాడ్మియం ఆరెంజ్. తెలుపు అవసరమైనా అగ్గిపుల్ల తలంత మించొద్దు. హైలైట్ అన్నిటికంటే చివర: మధ్యస్థ టోన్‌లో తెలుపు ఒక్కటే కాదు, దానికి తోడు దీపం రంగు కూడా, కిటికీ వెలుతురైతే అతి కొద్దిగా సెరూలియన్ బ్లూ. ఒక్కసారి పెట్టి వదిలెయ్యండి. రుద్దారంటే చుట్టుపక్కలంతా మళ్లీ సుద్దయిపోతుంది.

అంచనాకి నలుపు 1, తెలుపు 9 అనుకుని తొమ్మిది మెట్ల గ్రే స్కేల్ ఒకటి అట్టముక్క మీద వేసుకుని పక్కన పెట్టుకోండి. ముదురు చర్మమున్న చాలా ముఖాల్లో నీడ 1–2 దగ్గర, మధ్యస్థం 3–4 దగ్గర, హైలైట్ 6–7 దగ్గర పడతాయి. 9 దాకా వెళ్లేది దాదాపు ఏదీ ఉండదు. కళ్లు, పళ్లు పొడుచుకురావడానికి కారణమూ ఇదే. కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉంటుందని మనకి ముందే తెలుసు కాబట్టి చూడకుండా వేసేస్తాం. నిజానికి అది ఒక గుండ్రటి బంతి, పైరెప్ప నీడలో ఉంటుంది, చాలామందిలో లేత పసుపో గోధుమో కలిసి ఉంటుంది. స్కేల్ మీద 5, మహా అయితే 6. పళ్లు ఇంకో మెట్టు కింద. అసలు మొదటి బొమ్మల్లో నోరు మూసి ఉంచడమే మేలు. నవ్వుతో గంటసేపు ఎవరూ కూర్చోలేరు, ఫొటో నవ్వు కాన్వాస్ మీద బిగుసుకుపోతుంది.

రెండో బొమ్మ మాడిపోవడానికి మూడు కారణాలుండొచ్చు. తెల్ల కాన్వాస్ మీద మొదలుపెడితే ఏ రంగైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. భయపడి తెలుపు కలుపుతారు, తర్వాత అది నచ్చక పైన నలుపు వేస్తారు, రెండూ కలిసి మురికి. అందుకని జెస్సో (కాన్వాస్‌కి ముందుగా వేసే తెల్ల పునాది పూత) మీద పల్చటి ఆక్రిలిక్‌తో, బర్న్ట్ సియెన్నాలో కాస్త అల్ట్రామెరైన్ కలిపి, స్కేల్ మీద 4–5 వచ్చేలా పూత వేసి ఆరబెట్టండి. ఆక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ ఎప్పుడూ వద్దు. రెండో కారణం, ఒకే మిశ్రమంలో నాలుగైదు రంగులు పడటం. మూడోది చాలామంది గుర్తించరు. ముదురు రంగులు, ముఖ్యంగా బర్న్ట్ అంబర్, ఆరాక నూనె కింది పొరలోకి ఇంకిపోయి మచ్చలు మచ్చలుగా మాసిపోతాయి. నిన్న నిగనిగలాడిన నీడ ఇవాళ బొగ్గులా ఉందంటే రంగు తప్పు కాదు, నూనె పోయింది. స్టాండ్ ఆయిల్ (చిక్కటి అవిసె నూనె) ఒక పాలు, వాసన లేని సాల్వెంట్ రెండు పాళ్లు కలిపి, ముట్టుకుంటే అంటనంతగా ఆరిన ఆ భాగం మీద పీచు రాలని గుడ్డతో పల్చగా రాసి, మిగిలింది తుడిచెయ్యండి. అసలు రంగు తిరిగొస్తుంది. ఆ తర్వాతే దిద్దుబాటు చెయ్యాలా వద్దా అన్నది తేల్చుకోండి. నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యొద్దు, వాటంతటవే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.

నలుపు ట్యూబు వాడకూడదని ఎవరో చెప్పే ఉంటారు. అది నియమం కాదు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపి చర్మమని వేస్తే బూడిద వస్తుంది, ఎల్లో ఆకర్ కలిపితే పచ్చటి ఛాయ వస్తుంది, అంతవరకే నిజం. 1955లో అలబామాలో పుట్టిన చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ 1980 నుంచి మనుషుల్ని నల్లటి నలుపులోనే వేస్తున్నాడు. ఐవరీ, మార్స్, కార్బన్ నలుపులు వేర్వేరుగా వాడి, వాటిలో కోబాల్ట్ బ్లూ, క్రోమ్ ఆక్సైడ్ గ్రీన్, డయాక్సజీన్ వయొలెట్ కలిపి, ఒక్క నలుపులోనే చల్లనివీ వెచ్చనివీ తేడాలు తెస్తాడు. ఆ బొమ్మల్ని ఫోన్‌లో చూస్తే నల్ల మచ్చలా ఉంటాయి, గోడ మీద చూస్తేనే చెంపకీ గడ్డానికీ తేడా తెలుస్తుంది.

చిత్రకారిణి ఎమీ షెరల్డ్ దారి వేరు. మీ జార్జియా రాష్ట్రంలోనే, కొలంబస్‌లో 1973లో పుట్టింది. తన మనుషులందరి చర్మాన్నీ గ్రేలో వేస్తుంది, నలుపులో నేపుల్స్ ఎల్లో కలిపి. బట్టలు, వెనకతలం మాత్రం నిండు రంగులు. చూసేవాళ్ల కన్ను మొదట ఒంటి రంగు మీద పడి అక్కడే ఆగిపోకుండా, ఎదుటి మనిషి మీదికి వెళ్లడానికి ఆమె ఎంచుకున్న పద్ధతి అది. 2016లో వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పోటీలో గెలిచింది, 2018 ఫిబ్రవరిలో ఆమె వేసిన మిషెల్ ఒబామా పోర్ట్రెయిట్‌ని అదే గ్యాలరీలో ఆవిష్కరించారు. చర్మం రంగు కుదరడం లేదని మీరు ఆ గ్రేని అరువు తెచ్చుకుంటే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఆమెది తీసుకున్న నిర్ణయం, మీది తప్పించుకోవడం అవుతుంది. అభ్యాసంగా ఒక గ్రే స్టడీ చెయ్యండి, చాలా ఉపయోగం. దాన్ని మీ శైలిగా ప్రకటించుకోకండి.

ఇక ఆవిడ ముఖం. ఒక అరగంట బ్రష్ ముట్టుకోకుండా చూడండి. ముదురు చర్మం ఒకే రంగు కాదు. తరచుగా నుదురు, జుట్టు మొదలయ్యే అంచు, కళ్ల చుట్టూ, నోటి చుట్టూ ముదురుగా ఉంటాయి. చెంపల మధ్య భాగం వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. సిగ్గుపడినా నవ్వినా గులాబీ కనపడదు, నేరేడు ఛాయ కలిసిన ఎరుపు కనపడుతుంది. దవడ కింద కిటికీ నీలమో, వేసుకున్న బ్లౌజు రంగో ప్రతిఫలిస్తుంది. పైపెదవి గోధుమ, కిందిపెదవి లోపలి వైపు గులాబీ కావచ్చు. వేళ్ల కణుపులు ముదురు, అరచేయి లేత. ఇవన్నీ ఆవిడలో ఉంటాయని కాదు. ఏవి ఉన్నాయో ఏవి లేవో చూసి, పన్నెండు చిన్న గళ్లలో రంగులు కలిపి, "ఎడమ చెంప, నీడ", "చెవి తమ్మె" అని పక్కన రాసుకోండి. ఈ అట్టముక్క బొమ్మకంటే ముందు తయారు కావాలి. అదే బల్ల మీద మీ మోచేతికీ ఒక వరస గళ్లు వేసుకోండి. మన చామనచాయకీ ఇవే ట్యూబులు, పాళ్లే వేరు. పెళ్లిఫొటోల్ని స్టూడియో వాళ్లు రెండు మెట్లు తెల్లబరచడం చూస్తూ పెరిగిన కంటికి ఆ అలవాటు పోవాలంటే, సొంత ముఖాన్ని ఉన్న రంగులో ఒకసారి వెయ్యడం మంచి మందు.

జుట్టు గోడకు అతుక్కోవడం దాదాపు ప్రతి ఒక్కరి మొదటి బొమ్మలోనూ జరిగేదే, ఎందుకంటే జుట్టుని ఒక నల్ల ఆకారంగా చూసి, చుట్టూ గీత గీసి, లోపల రంగు నింపుతాం. బిగువైన ఉంగరాల జుట్టు కాంతిని ఎక్కువగా మింగేస్తుంది. మన నూనె పెట్టిన జుట్టుకున్నట్టు పొడవాటి మెరుపు చారలుండవు, మెత్తటి, చెదిరిన వెలుగు ఉంటుంది. ముందు మొత్తాన్ని ఒకే ముద్దగా, వెనకతలం ఇంకా తడిగా ఉండగా వెయ్యండి. అంచు గీతలా కాకుండా గరుకు బ్రష్‌ని దాదాపు పొడిగా పట్టుకుని బయటికి లాగండి. నీడ వైపు అంచుని వెనకతలంలో పోగొట్టెయ్యండి, వెలుగు వైపు నాలుగైదు చోట్ల మాత్రమే ఉంగరాలు కనిపించనివ్వండి. అసలు కష్టం నుదుటి దగ్గర. అక్కడ చర్మం రంగులోంచి జుట్టు రంగులోకి మధ్యలో ఇంకో టోన్ ఉంటుంది. దాన్ని వదిలేస్తే విగ్గు పెట్టినట్టుంటుంది.

ఆవిడ జడలు, అంటే బ్రెయిడ్స్, వేసుకుంటే పాపిడి గళ్ల అమరికని మొదట డ్రాయింగ్‌లోనే సరిగ్గా పట్టుకోవాలి. తల గుండ్రం ఆ గళ్ల వంపులోనే తెలుస్తుంది. ముఖానికి దగ్గరగా ఉన్న రెండు మూడు జడల అల్లిక పూర్తిగా వెయ్యండి, మిగతావి గుంపుగా వదిలెయ్యండి. అన్నీ వేశారంటే చూసేవాళ్ల కన్ను ముఖం మీద నిలవదు. ఆ కేశాలంకరణ పేరేమిటో ఆవిడనే అడగండి. బాక్స్ బ్రెయిడ్స్, కార్న్‌రోస్, లాక్స్, ట్విస్ట్స్ ఒకటి కాదు, కట్టే తీరు, బరువు, వేలాడే తీరు అన్నీ వేరు. సన్న జడలకి పార్లర్‌లో కొన్ని గంటలు పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకి సాధారణంగా విప్పేస్తారు. సిట్టింగులన్నీ ఆ గడువులో అయిపోయేలా చూసుకోండి, లేదంటే సగం బొమ్మలో ఒక జుట్టు, సగంలో ఇంకో జుట్టు. "బొమ్మకి సహజంగా వదిలేస్తే బాగుంటుంది", "స్ట్రెయిట్ చేసుకోండి" లాంటి సలహాలు మీ నోట రాకూడదు. అమెరికాలో జుట్టు కారణంగా ఉద్యోగాల్లో, బడుల్లో నల్లజాతి ఆడవాళ్లు పడ్డ ఇబ్బంది ఎంతంటే, వివక్షని ఆపడానికి కాలిఫోర్నియా 2019లో ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఎలా కనిపించాలో ఆవిడ ఇష్టం. శాటిన్ బానెట్ (జుట్టు చెదరకుండా పెట్టుకునే నున్నటి గుడ్డ టోపీ) పెట్టుకుని తలుపు తీసిన రోజు ఆ రూపం మీకు నచ్చినా, అడిగే వెయ్యండి. అది ఇంట్లో వేసుకునేది.

ఫొటో మీద పూర్తిగా ఆధారపడకండి, కానీ సిట్టింగుల మధ్య అవసరమే. ఫోన్ కెమెరా ఫ్రేమునంతా సగటు బూడిద వెలుగుకి లాగుతుంది. ముఖం ఫ్రేమ్ నిండా ఉంటే చర్మాన్ని ఉన్నదానికంటే లేతగా చూపిస్తుంది, వెనక తెల్ల గోడ లేదా కిటికీ ఉంటే ముఖాన్ని చీకటి చేస్తుంది. ఫిల్మ్ రోజుల్లో రంగులు సరిచూడటానికి కొడాక్ ల్యాబులకి పంపిన షెర్లీ కార్డుల మీద ఏళ్ల తరబడి తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేదన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. పరిష్కారం చవక. 18 శాతం గ్రే కార్డు ఒకటి కొని ఆవిడ బుగ్గ పక్కన పట్టుకోమనండి, దాని మీద నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి, కార్డు తీసేసి ఫొటో తియ్యండి. బ్యూటీ ఫిల్టర్, ఫ్లాష్ ఆపెయ్యండి. ఒక పెద్ద కిటికీ పక్క నుంచి 45 డిగ్రీల్లో వెలుతురు, రెండో వైపు అవసరమైతే తెల్ల ఫోమ్ బోర్డు, వెనక మధ్యస్థ రంగు గుడ్డ. ఇంతకుమించి హంగులు అక్కర్లేదు.

చెయ్యొచ్చా అన్న ప్రశ్నకి: పక్కింటావిడ బొమ్మ వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆవిడది తప్ప. సిరీస్ అన్నప్పుడే జాగ్రత్త. 1955లో మిసిసిపీలో తెల్లజాతివాళ్లు చంపేసిన పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లాడు ఎమెట్ టిల్ శవాన్ని, పేటికలో ఉన్నట్టు, తెల్లజాతి చిత్రకారిణి డేనా షుట్జ్ చిత్రించింది. 2017లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం బియెన్నియల్ ప్రదర్శనలో దాన్ని పెట్టారు. ఆ బొమ్మని తీసెయ్యాలని పెద్ద నిరసన జరిగింది. ఆమెకి వెయ్యడం రాక కాదు, ఒక తల్లి దుఃఖాన్ని ఆమె తన ముడిసరుకుగా వాడుకుందని. మీరు ఆ దారికి వెళ్లరనుకోండి. అయినా "పోరాటం", "సహనం", "శక్తి" లాంటి పేర్లతో సిరీస్ మొదలుపెట్టినా చిన్న స్థాయిలో అదే జరుగుతుంది. ఒక మనిషి పోయి ఒక గుణం మిగులుతుంది. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలు ఆ కళకి తగ్గట్టే ఒక రకపు మనుషులు, పేర్లుండవు, ఉండనక్కర్లేదు. పోర్ట్రెయిట్ అలా కుదరదు.

పేరు ఎందుకు ముఖ్యమో ఈ చరిత్రే చెబుతుంది. ఫ్రెంచ్ చిత్రకారిణి మేరీ గియెమీన్ బెనువా 1800లో ఒక నల్లజాతి స్త్రీని వేసిన చిత్రం పారిస్ లూవ్ మ్యూజియంలో ఉంది. రెండు శతాబ్దాలు దాని శీర్షికలో ఆమె జాతే తప్ప పేరు లేదు. 2019లో పారిస్ ఓర్సే మ్యూజియం ప్రదర్శనలో "మడలెన్ పోర్ట్రెయిట్" అని పెట్టారు. ఫ్రెంచ్ చిత్రకారుడు మానే 1863లో వేసిన "ఒలింపియా"లో పూలగుత్తి పట్టుకుని వెనక నిలబడ్డ నల్లజాతి పనిమనిషి పాత్రకి మోడల్‌గా ఉన్నామె పేరు లోర్. ఎందరో రాశారు ఆ చిత్రం గురించి, ఆమె గురించి రాసినవాళ్లు చాలాకాలం తక్కువే. కాబట్టి మీ బొమ్మ కింద ఆవిడ ఇష్టపడితే పేరు, ఇష్టపడకపోతే ఆవిడ చెప్పిన మాట పెట్టండి. "నల్లజాతి మహిళ–3" అని మాత్రం వద్దు. బట్టలూ ఆవిడవే. ఆఫ్రికన్ ప్రింట్ చుట్టి కూర్చోబెట్టడం, మన ఊళ్లో ఎవరో విదేశీయుడు వచ్చి ప్రతివాళ్లకీ తలపాగా కట్టి బొమ్మ వేసినట్టుంటుంది. మూడు జతలు తెచ్చుకోమని, కిటికీ దగ్గర చూసి ఇద్దరూ కలిసి ఎంచుకోండి.

ఎదగడం గురించి. తారల బొమ్మలు దించడం వల్ల పోలిక పట్టడం వచ్చి ఉంటుంది, అది వృథా కాదు. రానిది, ఫొటో తీసుకున్న నిర్ణయాల్ని మీరు తీసుకోవడం. అందుకని పదిమంది ఆడవాళ్లతో సిరీస్ ఆపి, ఆవిడ ఒక్కరినే అయిదుసార్లు వెయ్యండి. 9×12 అంగుళాలు మించొద్దు. మొదట ఇరవై నిమిషాల బొగ్గు స్కెచ్‌లు, పోలిక గురించి పట్టించుకోకుండా వెలుగునీడల కోసం. తర్వాత గ్రేలో ఒకటి. తర్వాత రెడ్ ఆక్సైడ్, అల్ట్రామెరైన్, ఆకర్, తెలుపు, ఈ నాలుగింటితోనే ఒకటి. నాలుగోది పూర్తి పాలెట్‌తో కిటికీ దగ్గర. అయిదోది రాత్రి పసుపు దీపం కింద. హైలైట్ రంగు మారడం ఇక్కడ కళ్లారా చూస్తారు. ఇరవై నిమిషాలకొకసారి ఆవిడకి విరామం ఇవ్వండి, కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు అతికించండి. ప్రతి సిట్టింగ్ చివరా బొమ్మ ఆవిడకి చూపించండి. మీరు దాచిన రెండూ కూడా. "నా ముక్కు ఇలా ఉండదు" అంటే తగాదా పడకుండా మళ్లీ కొలవండి. చాలాసార్లు వాళ్లే కరెక్టు, ఎందుకంటే మనకి అలవాటైన ముక్కు వైపుకి చెయ్యి లాగుతుంది. మధ్యలో ఒకరోజు స్పెల్మన్ కాలేజీ మ్యూజియానికి వెళ్లండి. ఆఫ్రికన్ మూలాలున్న మహిళల కళకే అంకితమైన మ్యూజియం మీ ఊళ్లోనే ఉండటం అదృష్టం.

డబ్బు మాట ముందే తేల్చుకోండి. దగ్గర్లో లైఫ్ డ్రాయింగ్ క్లాసుల్లో మోడల్‌కి గంటకెంత ఇస్తారో కనుక్కుని అంతకి తగ్గకుండా ఇవ్వజూపండి. తీసుకోనంటే ఒక స్టడీ ఆవిడకే ఇచ్చెయ్యండి. ప్రదర్శనకి పెట్టొచ్చా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా, అమ్మితే వాటా ఎంత, ప్రింట్లు తియ్యొచ్చా: ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. బొమ్మ మీద కాపీరైట్ మీదే, అలాగని ఆవిడ ముఖాన్ని టీషర్టుల మీద, మగ్గుల మీద అచ్చువేసే హక్కు దానితో రాదు.

చివరికి వార్నిష్. ముదురు బొమ్మలు వార్నిష్ లేకుండా సగం చచ్చినట్టుంటాయి. పూర్తిగా ఆరడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి, ఈలోపు చూపించాల్సి వస్తే రీటచింగ్ వార్నిష్ పల్చగా కొట్టండి. మ్యాట్ వద్దు, అది నీడల మీద తెల్లటి పొరలా పరుచుకుని మీరు కష్టపడి తెచ్చిన లోతుని మళ్లీ బూడిద చేస్తుంది. సాటిన్ మంచిది. కిటికీకి ఎదురుగోడ మీద వేలాడదియ్యకండి, ముఖం బదులు కిటికీయే కనిపిస్తుంది. పక్కగోడ మీద, పైనుంచి 30 డిగ్రీల వాలులో దీపం పెడితే సరిపోతుంది.